మెడకింద చెయ్యి

కారులో పిల్లల్ని కూర్చోబెట్టే కార్‌సీటు బిగించడం బాగా తెలిసినవాళ్ళు మొదట సీటును ముట్టుకోరు, నేలను చూస్తారు. వాననీళ్ళు నిలవకుండా పార్కింగ్ స్థలానికి ఎంతో కొంత వాలు ఇస్తారు. ఆ వాలు మన కంటికి ఆనకపోయినా, దాని మీద నిలిపిన కారులో సీటు ఎంత వాల్చాలో చూస్తే ఆ కొలత తప్పుతుంది. అందుకని కారును ముందుకో వెనక్కో జరిపించి, నేల సమంగా ఉన్నచోట ఆపించి, అప్పుడు తలుపు తీస్తారు. తీశాక కూడా వెంటనే పనిలోకి దిగరు. రెండు పుస్తకాలు అడుగుతారు: కారుతో ఇచ్చినదొకటి, సీటుతో ఇచ్చినదొకటి. మొదటిది చాలా కార్లలో కవరు కూడా విప్పకుండా గ్లవ్‌బాక్సులో పడి ఉంటుంది. రెండోదాన్ని దాచడానికి సీటు వెనకో అడుగునో తయారీదారులు చిన్న అర పెడతారు. ఆ అర ఉందన్న సంగతి కూడా తెలియని ఇళ్ళు ఎన్నో.

ఇంత చదువు ఎందుకంటే, కార్‌సీటు ఫ్యాక్టరీ నుంచి సగం పనితోనే బయటికి వస్తుంది. మిగతా సగం ఎవరిదో ఒకరి కారు వెనకసీట్లో, ఆ పూట అక్కడున్న మనిషి చేతుల్లో జరగాలి. సీటు ఒక కంపెనీది, కారు వేరే కంపెనీది. కారు కుషన్ ఎంత లోతుగా ఉంది, బెల్టు ఎక్కణ్ణించి వస్తోంది, బకిల్ కాడ పొట్టిదా పొడుగుదా, ముందుసీటుకీ వెనకసీటుకీ మధ్య జాగా ఎంత? వీటిలో ఒక్కటి మారినా పక్కింటివాళ్ళ కారులో చక్కగా కుదిరిన సీటు మన కారులో కుదరదు. అమెరికా రోడ్డు భద్రతను చూసే ప్రభుత్వ సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ 2011లో దేశమంతటా కార్లను పరిశీలించినప్పుడు, పిల్లల సీట్లలో నూటికి 46 ఏదో ఒక తప్పుతో వాడుతున్నట్టు తేలింది. ఆ సీట్లు కొన్న తల్లిదండ్రులకు పిల్లల మీద శ్రద్ధ లేదని ఎలా అంటాం? డబ్బు పెట్టి కొన్నారు, ఎండలో చెమటలు కక్కుతూ బిగించారు. చేయి తిరగలేదు, అంతే.

ఆ చేయి తిరిగినవాళ్ళను అక్కడ చైల్డ్ ప్యాసింజర్ సేఫ్టీ టెక్నీషియన్లు అంటారు. సేఫ్ కిడ్స్ వరల్డ్‌వైడ్ అనే సంస్థ వీళ్ళకు సర్టిఫికెట్ ఇస్తుంది. మూడు నాలుగు రోజుల శిక్షణ, రాతపరీక్ష, బిగించి చూపించే పరీక్ష. సర్టిఫికెట్ రెండేళ్ళే చెల్లుతుంది. దాన్ని కొనసాగించుకోవాలంటే శిక్షకుల కళ్ళముందు అయిదు సీట్లు సరిగా పరిశీలించి చూపాలి. పోలీసులు, అగ్నిమాపక సిబ్బంది, నర్సులు చాలామంది ఈ పని నేర్చుకుంటారు. చాలాచోట్ల ఉచితంగా చేస్తారు.

న్యూజెర్సీలో ఎడిసన్ దగ్గర అలాంటి ఒకావిడ పనిచేస్తుంటే పక్కనే నిలబడి చూశాను. అరవై దాటి ఉంటాయి, ప్రసూతి వార్డులో నర్సుగా చేసి రిటైరయ్యారు. కారు మనవాళ్ళది. భార్యకు నెలలు నిండుతున్నాయి. పురుడు పోయడానికి వాళ్ళమ్మ గుంటూరు నుంచి వచ్చి ఉన్నారు. పెద్దపిల్లకు రెండేళ్ళు నిండి కొన్ని వారాలైంది. వాళ్ళు వచ్చిన పని చూడబోతే చిన్నది: పెద్దదాన్ని ముందువైపుకి తిప్పి కూర్చోబెట్టి, ఆ పిల్ల పుట్టినప్పుడు వాడిన చిన్న సీటును అటకమీంచి దించి కొత్తబిడ్డకు బిగించుకోవాలి. న్యూజెర్సీ చట్టం 2015 నుంచి రెండేళ్ళలోపు, 30 పౌన్లలోపు పిల్లలు వెనక్కి తిరిగే కూర్చోవాలంటుంది. రెండేళ్ళు నిండాయి కాబట్టి తిప్పేయవచ్చని వాళ్ళ లెక్క. చట్టం ప్రకారం ఆ లెక్కలో తప్పు లేదు.

ఆవిడ కాదనలేదు. పెద్దపిల్ల సీటు పక్కనున్న లేబుల్ మీద వేలు పెట్టి చూపించారు. రేర్‌ఫేసింగ్‌గా (వెనక్కి తిప్పి) 40 పౌన్ల వరకు, అంటే 18 కిలోల వరకు వాడవచ్చని ఉంది. పిల్ల బరువు పన్నెండు కిలోలు. తల పైభాగం సీటు అంచుకంటే అంగుళమైనా కిందికి ఉండాలని ఇంకో నియమం. అరచెయ్యి పిల్ల నడినెత్తి మీద ఆనించి అడ్డంగా అంచుదాకా జరిపి చూశారు. అంగుళం కాదు, మూడు నాలుగు అంగుళాలున్నాయి. అమెరికా పిల్లల వైద్యుల సంఘం ఏఏపీ 2011లో రెండేళ్ళ దాకా వెనక్కి తిరిగి కూర్చోబెట్టమంది. 2018లో ఆ రెండేళ్ళ మాట తీసేసి, సీటు ఒప్పుకున్నంత బరువు, ఎత్తు వచ్చేదాకా అలాగే ఉంచమంది. ఈ పిల్లకు ఆ సీటులో ఇంకా ఏడాదికి పైగా చోటుంది.

వెనక్కి ఎందుకు? పురిటిబిడ్డను మొదటిసారి ఎత్తుకునేవాళ్ళకు మన పెద్దవాళ్ళు చెప్పే మొదటి మాట, మెడకింద చెయ్యి పెట్టమని. రేర్‌ఫేసింగ్ సీటు చేసే పని అచ్చంగా అదే. పుట్టిన బిడ్డకు తల ఒంటి పొడుగులో నాలుగో వంతు ఉంటుంది. పెద్దవాళ్ళలో అది ఎనిమిదో వంతు దరిదాపు. అంత బరువైన తలను మోయాల్సిన మెడ ఎముకలు అప్పటికి పూర్తిగా ఎముకలే కావు. ఒక్కో పూసలో ముక్కల మధ్య మెత్తటి మృదులాస్థి ఉంటుంది, అవి కలిసి గట్టిపడటానికి మూడు నుంచి ఆరేళ్ళు పడుతుంది. ముందువైపుకి కూర్చున్న బిడ్డ ఉన్న కారు దేన్నయినా ఎదురుగా గుద్దుకుంటే, పట్టీలు భుజాల్ని ఆపుతాయి, తలను ఆపేది మాత్రం మెడ ఒక్కటే. వెనక్కి తిరిగి కూర్చుంటే తల, మెడ, వీపు మూడూ ఒకేసారి సీటు వీపులోకి ఒత్తుకుంటాయి. దెబ్బ ఒకచోట పడకుండా అంతటా పరుచుకుంటుంది.

ఈ ఆలోచన స్వీడన్‌లో పుట్టింది. బెర్టిల్ ఆల్డ్‌మన్ అనే వైద్యుడు, ఆ తరవాత గోథెన్‌బర్గ్ చాల్మర్స్ సంస్థలో ట్రాఫిక్ భద్రత ప్రొఫెసర్ అయిన ఆయన, అమెరికా జెమిని వ్యోమగాముల ఆసనాలు చూశారు. రాకెట్ లేచేటప్పుడు వాళ్ళు వెల్లకిలా పడుకుని ఉంటారు, ఆ ఒత్తిడంతా వీపుమీద పరుచుకుంటుంది. దాన్నే పిల్లలకు అన్వయించి 1964లో తొలి నమూనా చేయించి వోల్వో కారులో పరీక్షించారు. 1972లో వోల్వో అలాంటి సీటును అమ్మకానికి పెట్టింది. అక్కడ నాలుగేళ్ళ పిల్లలు వెనక్కి తిరిగి ప్రయాణించడం ఇప్పుడు మామూలు సంగతి. స్వీడన్ పరిశోధన సంస్థ వీటీఐ జరిపే ప్లస్ టెస్ట్ ప్రత్యేకంగా మెడమీద పడే లాగుడునే కొలుస్తుంది.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. 2007లో ఒక వైద్యపత్రికలో వచ్చిన అధ్యయనం ఆధారంగా ‘వెనక్కి తిరిగి కూర్చుంటే అయిదు రెట్లు భద్రం’ అని ఏళ్ళ తరబడి అందరూ చెప్పారు. లెక్కలో లోపం బయటపడి ఆ వ్యాసాన్ని తరవాత ఉపసంహరించారు. మళ్ళీ లెక్కించినవాళ్ళకు అంత పెద్ద తేడా రాలేదు. అసలు ఆ వయసు పిల్లలు సీటులో సరిగా ఉన్నప్పుడు, ముందుకైనా వెనక్కైనా, తీవ్రంగా గాయపడే సందర్భాలే చాలా తక్కువ. మన టెక్నీషియన్ ఈ సంగతి తెలిసిన మనిషి. ‘అయిదు రెట్లు’ అనలేదు, భయపెట్టలేదు. మెడ సంగతి చెప్పి, లేబుల్ చూపించి ఊరుకున్నారు. తన పనిని ఎంత ప్రేమించినా దాని గురించి ఉన్నదానికంటే ఒక్క మాట ఎక్కువ చెప్పని ఆ నిగ్రహం నాకు ఆవిడ చేతిపనిలో భాగంగానే కనిపించింది.

తిప్పకూడదని తీర్మానమయ్యాక పని రెండింతలైంది. రెండు సీట్లూ వెనక్కే తిరిగి ఉండాలి, కారు మామూలు సెడాన్. తండ్రి ఆరడుగుల మనిషి, నడిపేది ఎక్కువగా ఆయనే.

ఆవిడ ముందు పెద్దపిల్ల సీటు పట్టారు. ఇలాంటి సీటు రెండు వైపులకీ వాడేది కాబట్టి దీనికి బెల్టు దూర్చే దారులు రెండుంటాయి. వెనక్కి తిరిగినప్పటి దారి పిల్ల కాళ్ళ దగ్గర, ముందుకి తిరిగినప్పటిది పిల్ల వీపు వెనకాల. చాలా సీట్లమీద మొదటిదానికి నీలంరంగు గుర్తు, రెండోదానికి ఎరుపు ఉంటాయి. దారి తప్పితే ఎంత గట్టిగా బిగించినా ఆ బిగువు అక్కరకు రాదు. ఆవిడ రంగును నమ్ముకోలేదు, పుస్తకంలో బొమ్మ చూసి, బట్ట ఎత్తి, ప్లాస్టిక్‌లో అచ్చుపోసిన అక్షరాలు చదివి అప్పుడు బెల్టు దూర్చారు.

బెల్టా, ల్యాచ్ కొక్కేలా అన్నది తరవాతి ప్రశ్న. 2002 సెప్టెంబరు నుంచి అమెరికా కార్లన్నిటికీ వెనకసీటు వీపు, కుషన్ కలిసే సందులో ఇనుప కమ్మీలు తప్పనిసరి. వాటికి సీటు కొక్కేలు తగిలిస్తే చాలు. సులువైన పద్ధతే. కానీ పిల్ల బరువు, సీటు బరువు కలిపి 65 పౌన్లు దాటకూడదన్న పరిమితి ఉంది. కొన్ని సీట్లకు ఇంకా తక్కువ. ఈ పిల్ల ఇంకా ఏడాది ఇదే సీటులో పెరగాలి, సీటు కూడా బరువైనది. బెల్టుతో బిగిస్తే ఆ లెక్క మళ్ళీ మళ్ళీ చూసుకోనక్కర్లేదని ఆవిడ బెల్టే ఎంచుకున్నారు. రెండూ కలిపి వేస్తే ఇంకా గట్టి కదా అని తండ్రి అడిగాడు. పుస్తకంలో ఒప్పుకుంటే తప్ప వేయకూడదట. సీటును పరీక్షించింది ఒక్కోదానితో విడివిడిగా. రెండూ కలిస్తే దెబ్బ ఎలా పంచుకుంటాయో ఆ పరీక్ష చెప్పదు.

ఇక బిగించడం. 1996 మోడల్ నుంచి అక్కడి కార్ల వెనక బెల్టులకు పిల్లల సీటును పట్టి ఉంచేలా బిగిసే ఏర్పాటు ఉండాలి. చాలా కార్లలో అది ఇలా పనిచేస్తుంది: బెల్టును నెమ్మదిగా చివరంటా లాగి వదిలితే, లోపలికి పోయేటప్పుడు గొలుసు చుట్టుకున్నట్టు టిక్కుటిక్కుమని చప్పుడొస్తుంది. ఆ తరవాత అది లోపలికి పోవడమే గానీ బయటికి రాదు. ఆవిడ బెల్టు లాగి చెవి ఒగ్గి విన్నారు. చప్పుడు వచ్చాక ఒక చెయ్యి సీటు లోపల, బెల్టు దారికి సరిగ్గా పైన ఆనించి, ఒంటి బరువు దానిమీద మోపారు. రెండో చేత్తో బెల్టును, అది పోతున్న దిశలోనే, కుషన్‌కు సమాంతరంగా లాగారు. మగవాళ్ళు చాలామంది మోకాలు పెట్టి ఎక్కి తొక్కుతారు. దానివల్ల కుషన్ అణిగి అప్పటికి బిగిసినట్టు కనబడుతుంది, తరవాత లేచి వదులవుతుంది, లేదా కొన్ని సీట్లు మితిమీరి బిగిసి వంకరపోతాయి. ఆవిడ చిన్నపాటి మనిషి. బలం ఎక్కడ మోపాలో, ఏ వైపు లాగాలో తెలిసింది కాబట్టి అంతకంటే బలం అవసరం పడలేదు.

పరీక్ష కూడా అంతే ముచ్చటగా ఉంది. కుడిచేతి వాటం మనిషి కాబట్టి ఎడమ చెయ్యి వాడారు. బెల్టు దారి దగ్గర సీటును పట్టుకుని, కరచాలనం చేసేంత బలంతో పక్కలకీ, ముందువెనకలకీ కదిలించారు. అక్కడ అంగుళం కంటే తక్కువ కదిలితే సరిపోయినట్టు. తండ్రికి నమ్మకం కుదరక సీటు పైఅంచు పట్టుకుని ఊపితే అది కారు వీపువైపు ఒరిగింది. ఆయన ముఖం వాడిపోయింది. పైఅంచు కదలాలి, అలా ఒరగడం కూడా దెబ్బను కొంత తినేసే పనేనని ఆవిడ చెప్పారు. బాగా బిగిసిన సీటును పైన పట్టి ఊపి, వదులని భ్రమపడి, విప్పి పాడుచేసుకునేవాళ్ళు ఎందరో ఉంటారట.

పక్కన నిలబడి చూస్తున్న అమ్మమ్మ అప్పటిదాకా ఏమీ అనలేదు. పిల్లను కూర్చోబెట్టగానే కాళ్ళు కారుసీటు వీపుకి తగిలి మడతపడ్డాయి. “అలా ముడుచుకు కూర్చుంటే కాళ్ళు నొప్పి పుట్టవుటే దానికి?” అన్నారు కూతురితో. కూతురు ఇంగ్లీషులో చెప్పింది. టెక్నీషియన్ జవాబివ్వలేదు, పిల్లవైపు చూపించారు. అది అప్పటికే ఒక కాలు మడిచి, ఇంకో కాలు కారు వీపుమీదికి చాపి, బొటనవేలితో ఆడుకుంటోంది. ఇంట్లో నేలమీద బాసింపట్టు వేసుకుని గంటలకొద్దీ కూర్చునే వయసది. ముందుకి తిరిగిన పిల్లల కాళ్ళే ఎదుటి సీటుకి కొట్టుకుని దెబ్బతినడం ఎక్కువని ఆవిడ తరవాత చెప్పారు.

చిన్న సీటు దగ్గర ఇంకా సేపు పట్టింది. దాన్ని ముందు డిక్కీ మూతమీద పెట్టి వైద్యుడు రోగిని చూసినట్టు చూశారు. తయారైన తేదీ, గడువు తేదీ. సీటు ప్లాస్టిక్ ఏళ్ళ తరబడి కారు ఎండలో మాడి, చలికి బిగుసుకుని బలం కోల్పోతుంది కాబట్టి ప్రతి సీటుకూ గడువుంటుంది. ఈ సీటుకు ఇంకా మూడేళ్ళుంది. ఎప్పుడైనా ప్రమాదం జరిగిన కారులో ఉందా అని అడిగారు, లేదన్నారు. పట్టీలు ఉతికారా అన్నది తరవాతి ప్రశ్న. బట్ట ఉతకవచ్చు గానీ పట్టీలను నానబెట్టకూడదు, బ్లీచ్ తగలకూడదు. నేత బలం పోతుంది, చూపుకి మాత్రం తేడా తెలియదు. బిడ్డ తల చుట్టూ పెట్టడానికి సీటుతో వచ్చిన చిన్న దిండు కనబడలేదు. బజారులో విడిగా దొరికేవి పెట్టవద్దన్నారు, ఎందుకంటే ఆ సీటుతో కలిపి వాటిని ఎవరూ పరీక్షించలేదు. దాని బదులు పొత్తిగుడ్డలు చుట్టి తలకు రెండు పక్కలా ఎలా ఆనించాలో చూపించారు. తలకిందా వీపుకిందా మాత్రం ఏదీ పెట్టకూడదు.

పసిబిడ్డ సీటులో వాలే అసలు విద్య. మరీ నిటారుగా ఉంటే బరువైన తల ముందుకి వాలి గడ్డం గుండెమీద పడుతుంది, ఊపిరిదారి నొక్కుకుపోతుంది. మరీ పడుకుని ఉంటే గుద్దుకున్నప్పుడు బిడ్డ సీటు వీపు మీదుగా పైకి జారుతుంది. అందుకే 45 డిగ్రీల వాలు దాటకుండా, దానికి దగ్గరగా ఉంచుతారు. సీటు పక్కన నేలకు సమాంతరంగా ఉండాల్సిన గీతో, చిన్న గుండు కదిలే గాజుగొట్టమో ఉంటుంది. పార్కింగ్‌లో నేల సమంగా ఉండాలని ఆవిడ పట్టుబట్టింది దీనికోసమే. ఈ కారు కుషన్ వెనక్కి బాగా లోతుగా ఉంది. చిన్న సీటును తగిలించే బేస్ పెడితే తలవైపు పైకి లేచి, గుండు గీతలు దాటింది. బేస్ అడుగున ఉన్న మరతో సర్దినా ఇంకా కొంచెం మిగిలింది.

అప్పుడు ఆవిడ సంచీలోంచి ఒక నురుగు గొట్టం ముక్క తీశారు. ఈతకొలనులో పిల్లలు పట్టుకుని తేలే రంగురంగుల గొట్టాలే అవి. డాలరు దుకాణంలో దొరుకుతాయి. ముందే బేస్ వెడల్పుకి సరిపోయేలా కోసి పెట్టుకున్నారు. దాన్ని కారు వీపు, కుషన్ కలిసే సందులో పెట్టి, పైన బేస్ ఆనించి, మళ్ళీ బిగించారు. గుండు వచ్చి రెండు గీతల మధ్య నిలిచింది. ఈ పని చేసే ముందు కూడా సీటు పుస్తకం తిరగేసి, ఆ కంపెనీ ఇందుకు ఒప్పుకుంటుందని చూసుకున్నాకే చేశారు. కోట్లు ఖర్చుపెట్టి ప్రయోగశాలలో తయారైన సీటుకీ, ఇంకో ఖండంలో గీసిన కారుకీ మధ్య మిగిలిపోయిన ఆ రెండంగుళాల తేడాను ఒక నురుగుముక్కతో పూడ్చడం నాకు ఎంతో అందంగా తోచింది.

పట్టీల గురించి ఆవిడ బొమ్మతో చూపించారు. వెనక్కి తిరిగినప్పుడు పట్టీలు భుజాలకు సమంగానో, ఇంకాస్త కిందనుంచో రావాలి. ముందుకి తిరిగితే సమంగానో, పైనుంచో. ఎదురుగా గుద్దుకున్నప్పుడు వెనక్కి తిరిగిన బిడ్డ సీటు వీపు వెంట పైకి జారబోతుంది, కిందినుంచి వచ్చిన పట్టీ భుజాన్ని పట్టి కిందికి లాగి ఉంచుతుంది. పట్టీ బిగువు చూడటానికి కొలబద్దేమీ లేదు. భుజం దగ్గర పట్టీని బొటనవేలు, చూపుడువేళ్ళతో నిలువుగా గిల్లి చూడాలి. మడత చేతికి చిక్కితే వదులు, వేళ్ళు జారిపోతే సరి. గుండెమీది క్లిప్పు చంకల ఎత్తున ఉండాలి. ఇది అమెరికా సీట్లకు ఉంటుంది, ఐరోపా సీట్లకు మామూలుగా ఉండదు. న్యూజెర్సీ చలికి తొడిగే ఉబ్బిన కోటు పట్టీలకింద ఉండకూడదు. దెబ్బకి అందులోని గాలి పోయి అంతమేరా పట్టీ వదులవుతుంది. ముందు పట్టీలు కట్టి, కోటును తిరగేసి పైన కప్పాలి.

రెంటినీ పక్కపక్కన ఎలా అమర్చాలన్నది చివరి చిక్కు. పసిబిడ్డ సీటు ఎక్కువ వాలుతుంది, ముందుసీటు జాగా ఎక్కువ తింటుంది. రెండేళ్ళ పిల్ల మెడ నిలుస్తుంది కాబట్టి ఆ సీటును పుస్తకం ఒప్పుకున్నంత నిటారుగా పెట్టవచ్చు. అందుకని పొడుగాటి తండ్రి వెనకాల పెద్దదాన్ని, ముందు ఎవరూ తరచూ కూర్చోని వైపున పసిబిడ్డను పెట్టారు. మధ్యస్థానం అన్నిటికంటే సురక్షితమని పేరు. కానీ ఆ కారులో మధ్యసీటు ఇరుకు, గూను తేలి ఉంది, అక్కడ పెడితే పక్కసీటు బకిల్ కప్పబడిపోతోంది. సరిగా బిగియని మధ్యస్థానం కంటే గట్టిగా బిగిసిన పక్కస్థానమే మేలని ఆవిడ తీర్పు. ముందుసీటు మాట ఎత్తనే అక్కర్లేదు, ఎయిర్‌బ్యాగ్ ఎదురుగా రేర్‌ఫేసింగ్ సీటు ఎన్నడూ పెట్టకూడదు. ముందుసీట్లు రెండూ పిల్లల సీట్లకు ఎంత దగ్గరగా రావచ్చో రెండు పుస్తకాల్లోనూ మళ్ళీ చూశారు. కొన్ని కార్లు ముందుసీటు తాకనే కూడదంటాయి.

అంతా అయింది, గంట దాటింది, కారు చూడముచ్చటగా ఉంది. అప్పుడావిడ బకిళ్ళు నొక్కి, బెల్టులు వదిలేసి, రెండు సీట్లూ ఊడదీసి బయట పెట్టారు. “ఇప్పుడు మీరు” అన్నారు.

ఈ పనిలో నేను అన్నిటికంటే గౌరవించేది దీన్నే. టెక్నీషియన్ బిగించి పంపేస్తే ఆ బిగువు కారు కడిగినదాకానో, పిల్ల కక్కుకున్నదాకానో, ఊరికి వెళుతూ సీటు వేరే కారులోకి మార్చినదాకానో ఉంటుంది. ఆ తరవాత విప్పి మళ్ళీ బిగించాల్సింది ఇంట్లోవాళ్ళే. శిక్షణలో వీళ్ళకు నేర్పే ముఖ్య సూత్రం, ఆఖరిసారి బిగించేది తల్లీతండ్రీ అయి ఉండాలని. తండ్రి పెద్దసీటు బిగించాడు. మొదటిసారి బెల్టును చివరంటా లాగడం మరిచాడు, టిక్కుటిక్కు వినబడలేదు. ఆవిడ ఏమీ అనకుండా తన చెవిని వేలితో తాకారు. ఆయనకు గుర్తొచ్చింది. తల్లి కడుపుతో వంగలేదు కాబట్టి కుర్చీ వేసుకుని తలుపు పక్కనుంచి చిన్నసీటు బేస్‌లోకి దించి, కిందనుంచి చప్పుడు వచ్చేదాకా నొక్కి, హ్యాండిల్ ఏ భంగిమలో ఉంచాలో పుస్తకంలో తనే వెతికి పట్టుకుంది.

చివర అమ్మమ్మ వంతు. పగలంతా పెద్దపిల్లను దించి ఎక్కించేది ఆవిడే కాబట్టి ఆవిడకు రావాలన్నారు. బకిల్ ఎర్రబొత్తం నొక్కడం ఆవిడ వేళ్ళకు కష్టమైంది. అది కష్టంగా ఉండేలా చేసిందే. పిల్లలు తమంతట తాము నొక్కలేనంత గట్టిగా, పెద్దవాళ్ళు నొక్కలేకపోయేంత గట్టిగా కాకుండా, 40 నుంచి 62 న్యూటన్ల బలానికి విడేలా ఉండాలని అమెరికా ప్రమాణం 213 నిర్దేశిస్తుంది. టెక్నీషియన్ ఒక కిటుకు చూపారు. బకిల్ నాలుకలను ముందు లోపలికి నొక్కి పట్టి, అప్పుడు బొత్తం నొక్కాలి. బిగువు తగ్గి తేలిగ్గా వస్తుంది. అమ్మమ్మ రెండోసారికే తీశారు. “నాకు ఊరికి వెళ్ళాక కూడా ఇలాంటిది కావాలి, పెద్దవాడి పిల్లలకి” అన్నారు.

ఊళ్ళో అలవాటు వేరు. పసిబిడ్డను అమ్మ ఒళ్ళో పెట్టుకుని ముందుసీట్లో కూర్చోవడం మనవైపు ఇప్పటికీ నిత్యం కనబడేదే. ఇది మన ఒక్కరి అలవాటే కాదు. పిల్లల సీట్లను తప్పనిసరి చేస్తూ ప్రపంచంలోనే తొలి చట్టాల్లో ఒకటి అమెరికాలోని టెనెసీలో 1978లో అమల్లోకి వచ్చింది. రాబర్ట్ శాండర్స్ అనే పిల్లల వైద్యుడు పట్టుబట్టి తెచ్చిన చట్టమది. దాంట్లో కూడా చేతుల్లో బిడ్డను పట్టుకోవచ్చని మినహాయింపు జొప్పించారు. ఆ మినహాయింపు తీసేయించడానికి ఆయనకు 1981 దాకా పట్టింది. 30 మైళ్ళ వేగంతో, అంటే గంటకు 48 కిలోమీటర్లతో జరిగే గుద్దుడులో పది కిలోల బిడ్డ ఒక్క క్షణంపాటు రెండువందల కిలోలకు మించిన బరువై చేతుల్లోంచి లాక్కుపోతుంది. ఏ తల్లి చేతులూ దాన్ని ఆపలేవు.

మన దేశంలో 2019 మోటారు వాహనాల సవరణ చట్టం 194బి సెక్షన్ తెచ్చింది. 14 ఏళ్ళలోపు పిల్లలకు బెల్టో, పిల్లల సీటో లేకుండా కారు నడిపితే 1000 రూపాయల జరిమానా. 2023 అక్టోబరులో మొదలైన భారత్ ఎన్‌క్యాప్ పరీక్షల్లో 18 నెలల, మూడేళ్ళ పిల్లల బొమ్మలను సీట్లలో కూర్చోబెట్టి కారుకు పిల్లల భద్రత కింద వేరే మార్కులు వేస్తున్నారు. సీట్లు హైదరాబాదులో, విజయవాడలో దుకాణాల్లో దొరుకుతున్నాయి. బిగించి చూపే ఇలాంటి చేతులు ఇక్కడ కూడా తయారుకావాలని నాకు గట్టిగా ఉంది. మన ఆసుపత్రుల ప్రసూతి విభాగాల్లోని నర్సులకంటే దీనికి తగినవాళ్ళు ఎవరుంటారు? బిడ్డను ఎలా పట్టుకోవాలో కొత్త తల్లికి మొదట చూపేది వాళ్ళే.

ఆ రోజు బయల్దేరేముందు, సంక్రాంతికి ఊరెళ్ళేటప్పుడు ఈ సీటునే విమానంలో తీసుకెళ్ళవచ్చా అని పిల్ల తల్లి అడిగింది. అక్కడి కారులో బిగించడానికని టెక్నీషియన్ సంచీలోంచి హెచ్ అక్షరంలా ఉన్న చిన్న ఇనుప క్లిప్పు తీశారు. టిక్కుటిక్కుమని బిగిసే బెల్టులు అన్ని దేశాల కార్లలో ఉండవు. బెల్టు చివరంటా లాగి వదిలితే చప్పుడు రాకపోతే, నడుముబెల్టు, భుజంబెల్టు రెండూ కలిపి బకిల్ నాలుకకు అంగుళంలోపు ఈ క్లిప్పులో దూర్చి ఆపాలి. వేయడం కొంత తిప్పలే. బెల్టు బిగించి, కలిసేచోట వేళ్ళతో పట్టుకుని, బకిల్ ఊడదీసి, క్లిప్పు దూర్చి, మళ్ళీ పెట్టాలి. రెండుసార్లు చేసి చూపించారు. ఊళ్ళో కారుకు ల్యాచ్ లాంటివే అయిన ఐసోఫిక్స్ కమ్మీలుంటే మాత్రం ఈ అవస్థ ఉండదన్నారు. ఆ కమ్మీ మందం 6 మిల్లీమీటర్లు, రెంటి మధ్య దూరం 280 మిల్లీమీటర్లు, అక్కడా ఇక్కడా ఒకటే కొలత. కారు మాట్లాడుకునేటప్పుడు వెనకసీటు సందులో చెయ్యి పెట్టి ఆ కమ్మీలు తగులుతున్నాయో లేదో ముందే చూడమని బావగారికి చెప్పాలని తండ్రి ఫోన్‌లో రాసుకున్నాడు.